చావింటికి కొత్త కుర్చీలు

మెదక్‌లో ఉన్న మా టెంట్‌హౌస్‌ను అమ్మేస్తానని మా నాయన చెప్పేటప్పటికి నేను ఎంబీఏ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆ మాట కూడా ఏదో పచ్చిపులుసు ఇంకాస్త పొయ్యమన్నట్టు అన్నం తింటూ చెప్పాడు. మోకాళ్లు అరిగాయి, నిచ్చెన ఎక్కి గుంజలకు తాళ్లు కట్టడం ఇక తన వల్ల కాదు. కొడుకులు లేరు. ఉన్న ఒక్క బిడ్డా చదువుకుంటోంది. రామాయంపేటలో ఫంక్షన్ హాలు నడిపే ఒకాయన షామియానాలు, కుర్చీలు, వంట బగోన్లు, గంగాళాలు అన్నీ కలిపి కొంటానన్నాడట.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. కంచం ముందు నుంచి లేచాను. "నేను సదువుతున్నది గిదే గద నాయినా. లెక్కలు, వ్యాపారం. దుకానం అమ్మినంక నేనెవరి లెక్కలు రాయాలె?" అన్నాను. అమ్మ నన్ను కూర్చోమని సైగ చేసింది కానీ నేను కూర్చోలేదు.

నాయన ముద్ద పూర్తిగా నమిలి మింగాక జవాబిచ్చాడు. "సరే. నీ సదువు అయిపోనీ. అయినంక దుకానం నడుస్తదో నడవదో నువ్వే లెక్క తీసి చెప్పు. నడుస్తదంటె ఉంచుత. లేదంటె ఆయనకిచ్చేస్త."

రామాయంపేట ఆయనకు ఫోన్ చేసి అప్పటిదాకా ఆగమన్నాడు కూడా. మా మధ్య ఒప్పందం అది. చుట్టాలు "ఎంబీఏ చేస్తే ఏం నౌకరి వస్తది?" అని అడిగినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. నాకు నౌకరీ రావడం కాదు, ఉన్న దుకాణం పోకుండా ఉండడం కావాలి.

బీకాం ఊళ్లోనే చదివాను. ఐసెట్ రాస్తే ఊరి బయటి కాలేజీలో సీటొచ్చింది, అకౌంటింగ్ ప్రధానంగా తీసుకున్నాను. కాస్ట్ అకౌంటింగ్ చెప్పే సార్ సిద్దిపేట నుంచి బస్సులో వచ్చేవాడు. తరుగుదల పాఠం చెప్పిన రోజున ఫ్యాక్టరీలో మిషన్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. మిషన్ కొన్న ధర, అది పనిచేసే ఏండ్లు, చివరికి తుక్కు కింద వచ్చే ధర. నేను చెయ్యెత్తి, కుర్చీకి ఎన్నేండ్లు పెట్టాలని అడిగాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వకుండా ఎలాంటి కుర్చీ, ఎక్కడ వాడతారు అని అడిగాడు. టెంట్‌హౌస్ కుర్చీ సార్, పెండ్లిళ్లకు, జాతరకు, పార్టీ మీటింగులకు పోతుందని చెప్పాను.

"మీటింగుకు పోయిన కుర్చీకి ఆయుష్షు దేవుడే చెప్పాలమ్మా" అన్నాడు. ఈసారి నేను కూడా నవ్వాను.

నవ్వాను కానీ ఆ పాఠం నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి గోదాంలో నిలబడి చూస్తే ప్రతి వస్తువూ ఏదో చెబుతున్నట్టే ఉంది. ఈ గంగాళం తన ధర ఎప్పుడో సంపాదించేసింది, ఇప్పుడు తెచ్చేదంతా మిగులే. రంగులు మారే ఆ లైట్ల దండ ముచ్చటపడి కొన్నదే తప్ప దాని కరెంటు వైరు ఖర్చు కూడా తీసుకురాలేదు. పుస్తకంలో చదివింది మా ఇంట్లో కళ్ల ముందు కనపడడం నాకు పండగలా ఉండేది. పరీక్షల కోసం చదువుతున్నానన్న సంగతే మరిచిపోయేదాన్ని. ఏదైనా చదువు మీద నాకు అంత ఇష్టం పుట్టడం అదే మొదలు.

గోదాంలో కుర్చీలు పేర్చడానికి మా నాయనకు ఒక పద్ధతి ఉంది. విరగడానికి సిద్ధంగా ఉన్నవి వాకిలి దగ్గర పెట్టేవాడు, అవి మీటింగులకు. బాగానే ఉన్నవి మధ్యలో, పెండ్లిళ్లకు, శ్రీమంతాలకు, డిసెంబరులో చర్చి దగ్గరి పందిళ్లకు. సరికొత్తవి మాత్రం గోడకు ఆనించి, వెనక వరుసలో టార్పాలిన్ కప్పి ఉంచేవాడు. అవి చావిండ్లకు మాత్రమే. పెండ్లివాళ్లు ఎంత బతిమాలినా వాటిని తియ్యడు. చావు కబురు వస్తే మాత్రం తింటున్న కంచం వదిలేసి, ట్రాలీ ఆటోలో ఆ కొత్త కుర్చీలూ ఒక షామియానా వేసుకుని పోతాడు. అక్కడ కిరాయి మాట ఎత్తడు. దినాలయ్యాక వాళ్లే వచ్చి ఎంతిస్తే అంత తీసుకుంటాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పొద్దుగూకాక ఇల్లు ఊడవకూడదన్నట్టు ఇదీ ఒక నియమం అనుకునేదాన్ని.

రెండో సంవత్సరంలో ప్రాజెక్టు చెయ్యాలి. అందరూ బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపులో తయారుగా దొరికే ప్రాజెక్టు కొని పేరు మార్చుకుంటారు. పెద్ద కంపెనీ పేరు, రంగురంగుల బొమ్మలు, లోపల ఏముందో చేసినవాళ్లకే తెలియదు. నేను మా టెంట్‌హౌస్ మీదే చేస్తానని చెప్పాను. సార్ సంతోషించాడు, హెచ్చరించాడు కూడా. వైవాకు బయటి నుంచి వచ్చేవాళ్లు దీన్ని కంపెనీ అనుకోరు, ప్రతి అంకెకూ జవాబు చెప్పుకోవాలి, లేకపోతే సంవత్సరం పోతుందన్నాడు. సంవత్సరం పోతే దుకాణం కూడా పోతుందని నేను సార్‌కు చెప్పలేదు.

ప్రతి రకం పనికి ఎంత ఖర్చవుతోందో, ఎంత మిగులుతోందో వేరువేరుగా తీశాను. పెండ్లిళ్లు నయం. ఏడుపాయల జాతర పర్వాలేదు. మీటింగులు కుర్చీలను తినేస్తున్నాయి. చావిండ్ల వరుస మాత్రం లాప్‌టాప్‌లో పైనుంచి కింది దాకా ఎర్రగా వచ్చింది. అన్నింటికంటే ఖరీదైన సామాను, అన్నింటికంటే తక్కువ రాబడి. సార్ చూసి, ఈ ఒక్క పనిని సరిచేస్తే దుకాణం నిలబడుతుంది, కనీసం పాత కుర్చీలు పంపమని చెప్పు అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. మా నాయనకు చెప్తే, "గది మారది బిడ్డా" అని ఒక్క మాటన్నాడు. ఎందుకు మారదని అడిగితే టార్పాలిన్ సర్దడానికి గోదాంలోకి పోయాడు. ఆయనకు కారణాలు చెప్పే అలవాటు లేదు. అలవాటు లేదు కాబట్టి ఒప్పుకోవాలని ప్రాజెక్టులో రాయలేను కదా. ఒళ్లు మండింది.

ఎలాగూ ప్రాజెక్టులో ప్రశ్నావళి ఒకటి ఉండాలి. సరే, గిరాకీలనే అడుగుదామనుకున్నాను. మా టెంట్‌హౌస్‌కే ఎందుకొచ్చారు? కిరాయి తక్కువనా, సామాను బాగుందనా, దగ్గరనా? ఇంతకు ముందు ఏ సందర్భానికి సామాను తీసుకున్నారు? పెండ్లి, పుట్టినరోజు, బోనాలు, చావు. ఎదురుగా గడులు గీసి, శుభ్రంగా ప్రింటు తీయించి, ఆ కాగితాల కట్టతో బయలుదేరాను.

మొదట పోయింది మా పక్క వాడలోని ఒక పెండ్లింటికి. నాయన వాకిట్లో పందిరికి కొలతలు తీస్తున్నాడు. లోపల ఆడవాళ్లు పసుపు దంచుతున్నారు. రోలుకు కంకణం కట్టి ఉంది, పాటలు సాగుతున్నాయి. నేను పెండ్లికూతురు తల్లి చేతికి కాగితం ఇచ్చి, జర నింపియ్యి అత్తా అన్నాను. ఆమె పసుపు చేతులతోనే అందుకుని పెదవులు కదుపుతూ చదివింది. పెండ్లి, పుట్టినరోజు, బోనాలు దాటాక ఆమె పెదవులు ఆగిపోయాయి. కాగితం రోలు పక్కన జారిపడింది. పాట కూడా ఆగింది.

అప్పుడు తెలిసింది నేను చేసిందేమిటో. పసుపు దంచే ఇంట్లోకి చావు అన్న మాటను ప్రింటు తీయించి మరీ పట్టుకొచ్చాను. మా వైపు ఏ ఆడపిల్లా పుట్టి పెరిగి ఇంత తెలివితక్కువ పని చెయ్యదు. ఎంబీఏ చదివితే తప్ప.

పెండ్లికూతురు నాయనమ్మ, ఆ ఇంటికి పెద్ద దిక్కైన అవ్వ, ఆ కాగితాన్ని తీసి మడిచి నా సంచిలో పెట్టింది. "బిడ్డా, ఇంటికి పో. పెండ్లయినంక రా" అని మెల్లగా అంది. నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

సాయంత్రం ఆ పెండ్లికూతురు తండ్రి ఫోన్ చేసి, ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారు, వేరే టెంట్‌హౌస్ చూసుకుంటామేమో అన్నాడు. మా నాయన ఫోన్ పట్టుకుని చాలాసేపు సర్దిచెప్పాడు. పెట్టేశాక నా మీద అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "నాతోని అయితలేదు బిడ్డా. రామాయంపేట ఆయనకు మాటిచ్చేస్త" అన్నాడు. నేను గోదాంలోకి పోయి కుర్చీల మధ్య కూర్చుని ఏడ్చాను. అమ్మ చాయ్ తెచ్చి పక్కన పెట్టి, కొంగుతో నా ముఖం తుడిచింది.

తెల్లారేసరికి ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. పందిరి మీరే వెయ్యండి అన్నారు. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు. మా నాయన రామాయంపేటకు ఫోన్ చెయ్యడం వాయిదా వేశాడు.

పెండ్లయింది. మర్నాడు పందిరి విప్పడానికి నాయన వెంట నేనూ పోయాను, కుర్చీలు లెక్కపెట్టే మిషతో. నిజానికి అవ్వ రమ్మంది కాబట్టి పోయాను. ఆమె గేటు బయట అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడడుగు బిడ్డా, గా కాయితంలున్నది" అంది.

కాగితం తియ్యడానికి చెయ్యి రాలేదు. నోటితోనే అడిగాను, మా టెంట్‌హౌస్‌నే ఎందుకు పిలిచారు అవ్వా అని.

"మా ఇంటాయన పోయిన నాడు వాన. ఇంటినిండ మంది, నిలవడ జాగ లేదు. మీ నాయినను ఎవలు పిలిచిండ్రో నాకిప్పటికీ తెల్వదు. వచ్చిండు, పరద కట్టిండు, కొత్త కుర్చేసి నన్ను కూసోవెట్టిండు. గా దినం ఎవలెవలు వచ్చిండ్రో, ఏమేమన్నరో ఏం యాదికి లేదు. గా కుర్చి యాదికున్నది. మనుమరాలి పెండ్లికి ఇంకెవలను పిలుస్తం? మా కొడుకు వేరేటోళ్లను తెస్తనంటె, గట్లయితె నేను పెండ్లిల కూసోనన్న."

అవ్వ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను. నాయన కొంచెం దూరంలో తాళ్లు చుట్టుకుంటున్నాడు, మా మాటలు ఆయనకు వినపడలేదు.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చాను. కాగితాలన్నీ అటక మీద పడేసి, పెండ్లయ్యాక, పందిరి విప్పే రోజే పోయేదాన్ని. గేటు బయట నిలబడి, మాటల్లో మాటగా అడిగేదాన్ని. చేగుంట వైపు, శంకరంపేట పల్లెల్లో కూడా తిరిగాను. అందరూ ఒకే మాట చెప్పలేదు. ఒకాయన మీ కిరాయి ఎక్కువ, కానీ మీ దుకాణం ముందు బండి పెట్టుకోవడానికి జాగ ఉంటుంది కాబట్టి వచ్చానన్నాడు. ఇంకొకామె మీ బగోన్లకు సొట్టలెక్కువని నిలదీసింది. అయినా సగానికి పైగా ఇండ్లలో, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పిన జవాబు అవ్వ చెప్పిందే. మా అత్త పోయినప్పుడు, మా తమ్ముడు పోయినప్పుడు. వాళ్లలో చాలామంది మొదటిసారి మా నాయనను చూసింది ఆ రోజే.

కొత్త కుర్చీలే ఎందుకన్నది కూడా ఆ తిరుగుడులో నాకు తట్టింది. పెండ్లిలో కుర్చీ విరిగితే ఫోన్ చేసి లొల్లి చేస్తారు, మార్చి ఇవ్వొచ్చు. చావింట్లో విరిగితే ఎవరూ ఫోన్ చెయ్యరు. లేచి, పక్కకు జరిగి కింద కూర్చుంటారు. మా నాయన ఈ మాట ఎప్పుడైనా నోటితో అనుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు చిక్కల్లా ఆ ఖర్చును ఏ పద్దు కింద రాయాలన్నది. సార్ ప్రచారం కింద రాయమన్నాడు. నా వల్ల కాలేదు. చావింటికి పోవడాన్ని ప్రచారం అని రాస్తే మా నాయన ముఖం చూడలేను. సార్‌తో వాదించాను, ఆయనా ఓపికగా వాదించాడు. చివరికి దాన్ని గుడ్‌విల్ అంటారమ్మా, అంటే గిరాకీల్లో దుకాణం సంపాదించుకున్న నమ్మకం అన్నాడు. కానీ సొంతంగా సంపాదించుకున్న గుడ్‌విల్‌ను పుస్తకాల్లో ఆస్తిగా చూపించకూడదు, ఎవరైనా డబ్బిచ్చి వ్యాపారం కొన్నప్పుడే దాన్ని రాస్తారని గుర్తుచేశాడు. ఆ నియమం నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. కానీ రామాయంపేట ఆయన చెప్పిన ధరలో కుర్చీలు, షామియానాలు, బగోన్లు మాత్రమే ఉన్నాయని అప్పుడే వెలిగింది. అసలైన సామానుకు, ఆ నమ్మకానికి, ఆయన ధర కట్టలేదు. కట్టినా ట్రాలీలో వేసుకుని రామాయంపేటకు తీసుకుపోలేడు.

ఆ ఉత్సాహంలో చివరి చాప్టరు రాశాను. చావిండ్ల పద్ధతి మార్చొద్దు. మీటింగులకు ముందే అడ్వాన్సు తీసుకోవాలి. పాత గుంజల బదులు కింద నుంచే బిగించుకునే ఇనుప పైపులు కొంటే నిచ్చెన ఎక్కే పని చాలావరకు తప్పుతుంది. ఫంక్షన్ హాళ్లతో పోటీ పడే బదులు వాళ్లకే వంట సామాను కిరాయికియ్యాలి.

వైవాకు హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. నా ముందు పోయినవాళ్లు వాళ్ల పెద్ద కంపెనీలు ఏం తయారుచేస్తాయో చెప్పలేక చెమటలు కక్కుతూ బయటికొచ్చారు. మేడం నా ప్రాజెక్టును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పింది. తరుగుదల మీద గుచ్చి గుచ్చి అడిగింది, చెప్పాను. తర్వాత, మీ వ్యాపారానికి అసలు బలం ఇదే అయితే బోర్డు మీద ఎందుకు రాసుకోరని అడిగింది. బోర్డు మీద రాస్తే ఆ బలం పోతుంది మేడం అన్నాను. ఆమె నవ్వలేదు కానీ, ఈ రోజు చదివినవాటిలో మనిషి రాసింది ఇదొక్కటే అని సార్‌తో అంది. పాసయ్యాను, మంచి మార్కులే వచ్చాయి.

ఆ సాయంత్రమే నాయన ముందు కూర్చుని అంతా చెప్పాను. దుకాణం నడుస్తుంది, కానీ మొదటి రెండేండ్లు చేతులు కట్టుకుని కూర్చుంటే నడవదు, ఉన్నదున్నట్టు లెక్క ఇది అన్నాను. ఆయన అంతా విన్నాడు. లెక్క మీద అనుమానం లేదన్నాడు. ఆయన అనుమానం వేరే. ఆడపిల్లవు గుంజలు పాతిస్తావా, వేళ కాని వేళ కబురొస్తే పోతావా, రేపు పెండ్లయి పోతే ఎట్ల అన్నాడు. పెండ్లయినా ఈ ఊళ్లోనే ఉంటానని నేను కోపంగా అన్నాను. రామాయంపేట ఆయన సామాను చూసుకోవడానికి వచ్చే వారం వస్తానన్నాడట, రావద్దని నాయన చెప్పలేదు. రెండేండ్లు చదివి లెక్క తేల్చినా ఆయన భయాన్ని తీర్చే అంకె నా దగ్గర లేదని ఆ రాత్రి బాధపడ్డాను.

మెదక్‌లో ఏ మాటైనా చాయ్ హోటల్ దాటితే ఊరంతా పాకినట్టే. రెండు రోజుల తర్వాత ఆటోలో అవ్వ దిగింది. కర్ర ఆనించుకుంటూ దుకాణంలోకొచ్చి, నన్ను దాటి, తిన్నగా మా నాయన ముందు నిలబడింది.

"దుకానం అమ్ముతున్నవట గద కొడుకా" అంది. నాయన చేతిలో పని వదిలేసి లేచాడు. "అమ్ముకో. నీ సామాను, నీ ఇష్టం. మరి నేను పోయిన నాడు ఎవలొస్తరో గది జెప్పి అమ్ముకో."

నాయన నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ముందుకొచ్చాను.

"నేనొస్త అవ్వా" అన్నాను.

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "కొత్తయే తేవాలె."

"కొత్తయే తెస్త."

"ఏవీ, జూపియ్యి" అంది.

గోదాంలోకి పోయి, టార్పాలిన్ తీసి, వెనక వరుసలోంచి ఒక కుర్చీ తెచ్చి వేశాను. అవ్వ కర్ర పక్కన పెట్టి మెల్లగా కూర్చుంది. వెనక్కి ఆనింది. కుర్చీ చేతుల మీద తన రెండు చేతులూ ఆనించి చూసుకుంది. "చేతులు జర కిందికున్నయి బిడ్డా. ముసలోళ్లు లేవాలంటె కష్టమైతది" అంది. మా నాయన అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే కండ్లు తుడుచుకుని, బయటికి పోయి రామాయంపేటకు ఫోన్ చేశాడు. సామాను అమ్మడం లేదు, బిడ్డ చూసుకుంటుంది అని చెప్పడం లోపలికి వినపడింది. అవ్వ చాయ్ అడిగింది.

ఆ తర్వాత కుర్చీలు కొన్నప్పుడు చేతులు ఎత్తుగా ఉన్నవి ఏరి ఏరి తెచ్చాను. ధర కొంచెం ఎక్కువే. పెండ్లివాళ్లు చూసి ముచ్చటపడి అడుగుతున్నారు, నేను ఇవ్వడం లేదు. అవ్వ గట్టిగానే ఉంది, మొన్న రెండో మనుమరాలి పెండ్లి పందిరి మాట్లాడడానికి నన్నే పిలిపించుకుని కిరాయి దగ్గర బాగా బేరం చేసింది.